ఇంకొక్క మడత

చీమని చంపమంది ఎడిటరు.

"మేడమ్, టీనేజీ పిల్లలు చదివే ఫాంటసీ ఇది. చివర్లో యుద్ధం లేకపోతే ఎలా? చీమల రాణి, బంగారు పుట్ట, లోపల సొరంగాలు, మీరు అదరగొట్టేస్తారు. హీరోయిన్ ఆ రాణిని చంపాలి. అప్పుడే చేప ఎండుతుంది, రాజ్యానికి పట్టిన శాపం పోతుంది," అంది ఫోన్లో.

పిల్ల మంచిదే. వయసులో నాకు సగం ఉంటుంది, పనిలో నాకు రెట్టింపు. అయినా ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

"ఆ చీమ ఏం చేసిందమ్మా? దాని ఇంట్లో అది ఉంది."

"అది కాదు మేడమ్, విలన్ ఉండాలి కదా."

"విలన్ లేకుండానే మా అమ్మ చెప్పింది ఆ కథ, వాళ్ళమ్మ చెప్పింది. ఎవరికీ కత్తి అవసరం రాలేదు," అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నా నోటిదూలని నేనే తిట్టుకున్నాను. పాత కథని కొత్తగా రాస్తానని ఒప్పుకున్నది నేనే. ఆ పిల్ల నా మెడ మీద కత్తేమీ పెట్టలేదు.

కథ మీకు తెలిసిందే. రాజుగారికి ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదే అని చేపని అడిగితే గడ్డిమేటు అడ్డం వచ్చిందంది. గడ్డిమేటుని అడిగితే ఆవు మెయ్యలేదంది. ఆవు పాలేరు మీదికి తోసింది, పాలేరు అన్నం పెట్టని అమ్మ మీదికి తోశాడు, అమ్మ ఏడుస్తున్న పసివాడి మీదికి తోసింది, పసివాడు కుట్టిన చీమ మీదికి తోశాడు. చీమ ఒక్కతే ఎవరి మీదికీ తోయలేదు. నా పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురు ప్రశ్న వేసింది. అంతే కథ.

మా ఇంట్లో ఈ కథ పడుకోబోయే ముందు చెప్పుకునేది కాదు. మడతబల్ల దగ్గర చెప్పుకునేది.

మాది లాండ్రీ. కింద మిషన్లు, పైన మా గదులు. అన్నయ్యా వదినా నడుపుతారు. నేను పెళ్ళి గిళ్ళి లేకుండా పై గదిలో కూర్చుని పిల్లల పుస్తకాలు రాస్తుంటాను. హోటళ్ళవీ ఆసుపత్రులవీ దుప్పట్లు వస్తాయి మాకు. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి పంపాలి. పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవలేడు. అటొకరు ఇటొకరు రెండేసి కొసలు పట్టుకుని, ఒక్క విదుపు విదిపి, ఒకరికొకరు ఎదురు నడవాలి. మధ్యలో కలుసుకున్నాక ఒకరి కొసలు రెండోవాళ్ళకి అందించి, వంగి మడత అందుకుని, మళ్ళీ వెనక్కి నడవాలి. పొద్దస్తమానం అదే నడక. చూస్తుంటే ఇద్దరు మనుషులు పోట్లాడుకుని రాజీపడుతున్నట్టు ఉంటుంది.

నా పుస్తకాలకి పరీక్ష అక్కడే. బల్ల చివర స్టూలు వేసుకుని కొత్త అధ్యాయం చదువుతాను. వాళ్ళు మడుస్తుంటారు. చేతులు ఎక్కడ ఆగితే అక్కడ కథ బాగున్నట్టు. ఆగకపోతే ఆ పేజీలు చెత్తబుట్టలోకి పోవాల్సిందే. వదిన చేతులు ఆపించడం మహా కష్టం. ఒక పుస్తకంలో యువరాణి తల నరికించాను, అయినా ఆవిడ దిండుగలీబులు లెక్కపెడుతూనే ఉంది.

ఏడు చేపల కథకి మాత్రం అందరూ పాత్రధారులే. చేప గొంతు అన్నయ్యది. ఆవు వదిన. బాయిలర్ చూసే ముసలాయన పాలేరు. అన్నం పెట్టని అమ్మ మా అమ్మే, "ఈ ముండా సంసారంలో పెట్టడానికేం మిగిలింది" అని సొంత డైలాగు కూడా కలిపేది. ఏడుపు పసివాడి వేషం నా మేనకోడలు గువ్వ వేసేది. చీమ మాత్రం మా బుడ్డోడు. గువ్వ తరవాత చాలా ఏళ్ళకి లేకలేక పుట్టాడు. దుప్పట్ల కుప్పలో దాక్కుని, తన వంతు రాగానే ఎగిరి దూకి, "కుట్టనా మరి!" అని అరిచి, దగ్గరున్న వాళ్ళ పిక్క గిల్లేవాడు. అందుకని వాడికి చీమ అనే పేరు పడింది. అసలు పేరు బడిలో రాయించడానికని ఉంచారు. వాడు బడి దాకా రాలేదు.

పోయిన ఎండాకాలం వాడు వేడినీళ్ళ గుంటలో పడ్డాడు.

మిషన్ల వెనక ఉంటుంది ఆ గుంట. మరిగిన నీళ్ళన్నీ అందులోకే వస్తాయి. పైన ఇనప మూత ఉంటుంది. ఆ రోజు మూత లేదు. నేను ఊళ్ళో లేను, కబురు అందుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏ ఆసుపత్రి దుప్పట్లు మేము మడుస్తామో ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళారట వాణ్ణి. తిరిగి తేలేదు.

ఎలా జరిగిందని అందర్నీ అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను? మూత ఎందుకు తీశావంటే, బట్టల నూగు అడ్డంపడి నీళ్ళు వెనక్కి తన్నాయన్నాడు అన్నయ్య. తీసినవాడివి వెయ్యకుండా ఎందుకెళ్ళావంటే, ఆసుపత్రి వాళ్ళు ఫోన్లో అరిచారు, పొద్దున వెళ్ళాల్సిన దుప్పట్లు అప్పటికింకా ఎండలేదు అన్నాడు. ఎందుకు ఎండలేదంటే ముసలాయన ఆవిరి ఎక్కించలేదన్నాడు. ముసలాయన్ని అడిగితే, నీళ్ళు ఆలస్యంగా వచ్చాయమ్మా అన్నాడు. పిల్లాణ్ణి చూడాల్సిన అమ్మ, కోడలు మాత్ర ఇచ్చింది, కునుకు పట్టిందంది. వదినని అడిగితే, "గువ్వకి అప్పజెప్పాను," అంది.

గువ్వని అడిగితే ఏమీ అనలేదు. దాని కింద తోయడానికి ఇంకెవరూ లేరు. ఉన్నవాడు పోయాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో ఎవరి పిడికెడు వాళ్ళు తీసుకోలేదు. అందరిదీ పోగేసి తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పోశారు. అలాగని దాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది, ఏడ్చి ఊరుకునేది. కంచంలో అన్నం పెట్టి పక్కకి చూసేవాళ్ళు. అది బడికి వెళ్ళేది, వచ్చేది, దుప్పటి కొసలు పట్టుకునేది. వాగుడుకాయ లాంటి పిల్ల మాట మానేసింది. మడతబల్ల దగ్గర కథలు కూడా ఆగిపోయాయి.

ఎడిటరు పాత కథ అడిగినప్పుడు నోటికి ఈ కథే ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. తెలిసుంటే నాలుక కరుచుకునేదాన్ని.

*

గువ్వని హాస్టల్లో వేస్తున్నారని అమ్మ చెప్పింది. దూరం ఊరు, రైల్లో ఒక పగలంతా పడుతుందట. సోమవారం ప్రయాణం. నేను కిందికి దిగి వెళ్ళేసరికి వదిన మెట్ల కింద కూర్చుని దాని బట్టలకి గుర్తు కుడుతోంది. హాస్టల్లో కలిసిపోకుండా మెడ వెనక ఎర్రదారంతో చిన్న గుర్తు. మా దుకాణంలో హోటలు బట్టలకి వేస్తామే, అలాంటిదే.

"వదినా, చదువు మధ్యలో ఎక్కడికి పంపుతావ్ దాన్ని?"

"అక్కడ బాగా చెబుతారట."

"ఇక్కడ చదువుకేమొచ్చింది? క్లాసులో అదే ముందు."

సూది ఆగలేదు. "వెళ్ళనీ."

"ఏం తప్పు చేసిందని?"

"తప్పు చేసిందని నేనన్నానా?" అని ఒక్కసారి గొంతు లేచింది. వెంటనే దిగిపోయింది. "అది నా కళ్ళముందు ఉండొద్దు. అంతే. ఇంకేం అడగకు నన్ను."

"అదీ నీ కడుపున పుట్టిందే వదినా."

"తెలుసు," అని దారం కొరికింది.

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఇస్త్రీ రోలర్ దగ్గర ఉన్నాడు. నా మొహం చూసే సంగతి గ్రహించాడు. "మీ వదినని కదిలించకే. ఏడాదిగా మనిషి మనిషిలో లేదు. పిల్ల కొన్నాళ్ళు దూరంగా ఉంటే ఇద్దరికీ మంచిది," అన్నాడు.

"ఇద్దరికీనా? పిల్లని అడిగావా?"

"అడిగాను. వెళ్తానంది."

"వెళ్తాననక ఏమంటుంది రా నాయనా! ఈ ఇంట్లో దాని మొహం చూసి మాట్లాడేవాళ్ళెవరున్నారు?" అని అరిచాను. రోలర్ శబ్దంలో ఆ మాట అతనికి వినపడిందో లేదో. వినపడనట్టే దుప్పటి లోపలికి తోశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నేను పైకొచ్చి తలుపు ధడాలున వేసుకున్నాను.

ఆ కోపంలోనే పుస్తకం పూర్తి చేశాను. ఎడిటరు మాట విన్నాను కూడా. కథలో పసివాడికి ఒక అక్కని పెట్టాను. పదహారేళ్ళ పిల్ల. అది చెయ్యి వదలగానే తమ్ముడు వెళ్ళి పుట్టలో వేలు పెడతాడు. చీమల విషం పట్టి నిద్రపోతాడు, లేవడు. వాడు లేచేదాకా అమ్మ పొయ్యి వెలిగించదు, పాలేరు కదలడు, రాతి ఆవు మెయ్యదు, గడ్డి ఆకాశం దాకా పెరిగి సూర్యుణ్ణి కప్పేస్తుంది. చీకటి రాజ్యంలో ఒక్క చేప మాత్రం తడి ఆరకుండా కళ్ళు తెరుచుకుని ఉంటుంది. ఏడో రాకుమారుడు ఒక్కొక్కర్నీ అడుగుతూ వస్తాడు. అందరి జవాబులూ విన్నాక ఆ అక్క తప్పు దిద్దుకోవడానికి కత్తి తీసుకుని పుట్టలోకి దిగుతుంది, చీమల రాణి తల తెస్తుంది.

నిజం చెప్పాలంటే గువ్వ కోసమే రాశాను. దాని చేతికి ఒక కత్తి ఇద్దామనుకున్నాను. దాన్ని హీరోయిన్ చేశానని మురిసిపోయాను. నా మొహం.

నేను ఏం రాసినా మొదట చదివేది గువ్వే. మాట మానేసినా చదవడం మానలేదు. డాబా మీద దండేల నిండా తడి దుప్పట్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య నీడలో కూర్చుని మధ్యాహ్నమంతా చదివింది. నేను అటూ ఇటూ తిరుగుతూ, క్లిప్పులు ఏరుతున్నట్టు నటిస్తూ, దాని మొహమే చూస్తున్నాను. పుస్తకం అచ్చయ్యే రోజు కూడా నాకంత దడ ఉండదు.

"యుద్ధం బాగుంది అత్తా," అంది చివరికి.

"అబద్ధాలాడకు. ముక్కు ఎగరేశావు, చూశాను."

కాస్త నవ్వు వచ్చినట్టయింది దానికి. అంతలోనే పోయింది. కాగితాలు మోకాలి మీద పెట్టి అంచులు సరిచేసింది, దుప్పటి మడిచినట్టు.

"ఇందులో అందర్నీ అడుగుతారు కదా. చేపని అడిగారు, గడ్డిని అడిగారు. నోరు లేని ఆవుని అడిగారు. నిద్రలో ఉన్న పసివాణ్ణి కూడా అడిగారు. ఆ అక్కనొక్కదాన్నే ఎవరూ అడగలేదు, చెయ్యి ఎందుకు వదిలావని. కత్తి ఇచ్చి పొమ్మన్నారు."

ఇన్ని పుస్తకాలు రాశాను, ఇంత పెద్ద నోరుంది, ఏడాది పాటు అందర్నీ నిలదీశాను. గువ్వని నేనడిగింది "ఎలా జరిగిందే" అని. "ఎందుకు వదిలావు" అని కాదు. అడిగితే అదేదో నింద వేసినట్టు ఉంటుందని నేనూ పక్కకే చూశాను.

దాని పక్కన కూర్చున్నాను. "నేనడుగుతున్నా. ఎందుకు వదిలావే?"

పక్కన వేలాడుతున్న దుప్పటి తడి అంచుని వేళ్ళతో పిండింది.

"పిలిచారు," అంది.

"ఎవరు?"

"నువ్వు కథలో రాసుకో అత్తా. పిలిచారని రాయి. ఎవరో రాయకు."

"ఎందుకు రాయకూడదు?"

"రాస్తే ఆవిడ బతకదు," అంది. వెంటనే నా మొహం చూసి, "కథలో ఆవిడ," అని దిద్దుకుంది.

కాగితాలు నా ఒళ్ళో పెట్టి కిందికి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. నా ఎదురుగా ఒక పెద్ద దుప్పటి దండెం మీద రెండు వైపులా వేలాడుతోంది. బుడ్డోడు పోయిన రోజు నేను ఊరి నుంచి వచ్చేసరికి వాకిట్లో వ్యాను నిలబడి ఉంది. అందులో ఆసుపత్రి దుప్పట్లు నీటుగా మడతపెట్టి ఉన్నాయి, ఇంత ఘోరంలోనూ ఎవరు మడిచారా అనుకున్నాను. మడతలు వేసే ఆమె ఆ వారమంతా సెలవు. అన్నయ్య ఫోన్లో ఉన్నాడు, ముసలాయన బాయిలర్ దగ్గర ఉన్నాడు, అమ్మ నిద్రలో ఉంది. మిగిలింది వదిన ఒక్కతే. పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవలేడు.

నాకు కోపం వచ్చింది. వెళ్ళి వదిన జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేద్దామన్నంత కోపం. పదహారేళ్ళ పిల్ల మీద ఇంత బరువు పెట్టి, పైగా ఊరు దాటిస్తావా అని అడుగుదామని మెట్లు దిగాను. వదిన ఇంకా ఎర్రదారంతో కుడుతూనే ఉంది. ఆవిడ పక్కన పొద్దున పెట్టిన అన్నం కంచం అలాగే ఉంది. జబ్బలు పుల్లల్లా అయిపోయాయి. మింగలేక కక్కలేక ఏడాదిగా ఈవిడ ఏం తిని బతికిందో దేవుడికెరుక. నోరెత్తలేకపోయాను. ఎత్తి అడిగినా ఆవిడ చెప్పదు, గువ్వ కాదంటుంది. నాకు చేతనైంది ఒకటే పని. పైకి వెళ్ళి యుద్ధం ఉన్న పేజీలన్నీ చింపేశాను.

*

ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని దిగాను. గువ్వ సంచి మెట్ల దగ్గర సిద్ధంగా ఉంది. మడతబల్ల దగ్గర తల్లీ కూతుళ్ళే ఉన్నారు, చెరో పక్క. అన్నయ్య రోలర్ ఆపి నూనె వేస్తున్నాడు. అమ్మ దిండుగలీబులు తిరగేస్తోంది. ముసలాయన గుమ్మంలో చెమట తుడుచుకుంటున్నాడు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. బుడ్డోడు పోయాక అదే మొదటిసారి.

"ఇప్పుడెందుకవన్నీ," అంది వదిన.

"చదవనీవే. రేపు వెళ్ళిపోయే పిల్ల, విని వెళ్తుంది," అంది అమ్మ.

గువ్వ నా వంక చూసింది. వద్దు అన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపింది. చూడనట్టు మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

సూర్యుడు లేని రాజ్యం వచ్చింది. తడి ఆరని చేప వచ్చింది. రాకుమారుడు చేపని అడిగే చోట నేను ఆగాను, పాత అలవాటు. అన్నయ్య తల ఎత్తకుండానే, "గడ్డి అడ్డం వచ్చింది," అని గొణిగాడు. ఆవు వంతు వదిన అనలేదు, దుప్పటి విదిపింది. పాలేరు వంతు ముసలాయన అన్నాడు. అమ్మ తన మాట అనబోయి, సొంత డైలాగు జ్ఞాపకం వచ్చి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పసివాడి వంతు, చీమ వంతు నేనే చదివేశాను. చీమ మాట దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అయినా వదిన చేతులు ఆగలేదు. నడుస్తోంది, కొసలు అందిస్తోంది, వంగుతోంది.

అప్పుడు కొత్తగా రాసిన పేజీ తీశాను.

"రాకుమారుడు పుట్ట ముందు నుంచి లేచాడు. ఇంతమందిని అడిగాను, ఒక్కరిని మరిచాను అనుకున్నాడు. మూల నిలబడ్డ అక్క దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మాయీ, వాడి చెయ్యి ఎందుకు వదిలావు అని అడిగాడు. నన్ను పిలిచారు, అంది అక్క. ఎవరు పిలిచారు, అన్నాడు రాకుమారుడు."

అక్కడితో ఆపాను.

"తరవాత?" అన్నాడు ముసలాయన.

"అంతవరకే రాశాను."

వదిన చేతులు ఆగిపోయాయి.

దుప్పటి ఇద్దరి మధ్యా బిగుతుగా ఉంది. "అమ్మా, కొసలు అందించు," అంది గువ్వ, చాలా మామూలుగా. ఆ పిల్ల అంత మామూలుగా మాట్లాడి ఏడాదైంది. "అందించమ్మా. కథే కదా అది."

వదిన అందించలేదు. "నేనే," అంది.

"ఏంటి నువ్వే?" అన్నాడు అన్నయ్య.

"పిలిచింది నేనే. మడతలామె రాలేదు ఆ రోజు. ఆసుపత్రి వాళ్ళు మీ ప్రాణం తీస్తున్నారు ఫోన్లో. రెండో పక్క పట్టుకోవే అని దీన్ని పిలిచాను. వాణ్ణి ఆడుకుంటున్న చోటే వదిలి వచ్చింది. నేను రమ్మంటేనే వచ్చింది."

"సరేలేవే, ఎవరైనా పిలుస్తారు. నువ్వు కావాలని..." అన్నాడు అన్నయ్య.

"ఆగండి! నన్ను చెప్పనివ్వండి. వాడు పిలిచాడు." వదిన గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "అక్కా అన్నాడు. ఒక్కసారే. ఇది విని కదిలింది. దుప్పటి వదిలేయబోయింది. నేనే ఆపాను. నేలకి తగిలితే మళ్ళీ ఉతకాలే, ఇంకొక్క మడత, అయ్యాక వెళ్ళు అన్నాను. ఒక్క మడతే. అది మడిచింది. వాడు మళ్ళీ పిలవలేదు."

అమ్మ నోట్లోంచి "అయ్యో, అయ్యో" అని సన్నగా వస్తోంది. అన్నయ్య నూనెడబ్బా కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు పట్టుకునే ఉన్నాడు.

"దీన్ని చూసినప్పుడల్లా నాకు అదే వినపడుతుంది," అంది వదిన. "అందుకే పంపేద్దామన్నాను. బయటికి చెప్పేస్తుందని భయపడి కాదు. చెప్పదు. ఏడాది నుంచి అందరూ దాన్నే చూస్తున్నా నోరు విప్పలేదు. నేను అన్నం పెడితే తింది. అది భరించలేకపోయాను నేను. నా బిడ్డ నన్ను కాస్తోంది. నేను దాన్ని కాయలేకపోయాను."

"నాకూ వినపడుతుందమ్మా," అంది గువ్వ. "హాస్టల్లో కూడా వినపడుతుంది. అక్కడైతే నేనొక్కదాన్నే వినాలి."

వదిన తన చేతిలో కొసలు వదిలేసింది. సగం దుప్పటి నేల మీద పడింది. గువ్వ, ఎన్నేళ్ళ అలవాటో అది, తన కొసలు పైకెత్తి పట్టుకుని, "అమ్మా, నేలకి..." అని మొదలుపెట్టింది. మాట పూర్తి కాలేదు. అదీ వదిలేసింది. ఇద్దరూ ఆ దుప్పటి తొక్కుకుంటూ వచ్చి ఒకరినొకరు పట్టుకున్నారు. అంత గట్టిగా ఏడవడం నేను వాడు పోయిన రోజు కూడా వినలేదు. గువ్వ ఏడ్చింది చిన్నపిల్లలాగే, నోరంతా తెరిచి. ఏడుపు పసివాడి వేషం వేసినప్పుడు అలాగే ఏడ్చేది, మేము నవ్వేవాళ్ళం.

అన్నయ్య మిషన్ల వెనక్కి వెళ్ళాడు. ఇనప మూత కదిపిన చప్పుడు వినపడింది. అది గట్టిగా పడి ఉందో లేదో కాలితో తొక్కి చూస్తున్నాడు. మళ్ళీ మళ్ళీ తొక్కుతున్నాడు. "వెయ్యాల్సింది నేను," అంటున్నాడు అక్కడి నుంచే, ఎవరితోనో తెలీదు. "తీసింది నేను, వెయ్యాల్సింది నేను." ముసలాయన లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుని ఇవతలికి తెచ్చాడు.

సంచి నేనే పైకి మోశాను.

*

అంతా చక్కబడిందని చెప్పను. అలా చెప్పేవాళ్ళ నోట్లో మన్ను కొట్టాలి. వాడు రాలేదు. వదిన ఇప్పటికీ కొన్ని రోజులు లేవదు. అన్నయ్య రోజుకోసారి ఆ మూత తొక్కి చూస్తాడు. కానీ గువ్వ హాస్టల్‌కి వెళ్ళలేదు. దాని కంచం వైపు అందరూ తిన్నగా చూస్తున్నారు. మొన్న అది వాళ్ళమ్మ మీద గట్టిగా అరిచింది, తన గౌను మెడ వెనక ఆ ఎర్రదారం ఇంకా విప్పలేదని. వదిన తిరిగి అరిచింది. పైనుంచి విని నేను కాసేపు రాయడం ఆపేశాను.

పుస్తకంలో రాకుమారుడి ప్రశ్నకి జవాబు ఆ అక్క తల్లి చెబుతుంది. వదినని అడిగే రాశాను. "రాయి," అంది, "అందరూ చదవనీ." చీమని ఎవరూ చంపరు. తమ్ముడు లేవడు కూడా. చేప ఎండుతుంది, ఎండిన చేపని తినడానికి ఎవరికీ మనసు రాదు. ఎడిటరు చదివి ఫోన్ చేసింది. చేసి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ పిల్ల చేతిలో దుప్పటి లేదు గానీ, ఉంటే ఆగి ఉండేదనుకున్నాను.

"విలన్ లేడు మేడమ్," అంది చివరికి.

"లేడమ్మా," అన్నాను.

మా లాండ్రీలో ఇప్పుడు ఒక పద్ధతి వచ్చింది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. ఎవరు ఎవర్ని పిలిచినా మడత మధ్యలో చేతిలోది వదిలేసి పరిగెత్తుతారు. నిన్న మధ్యాహ్నం అమ్మ లోపల్నుంచి "ఎవరే అక్కడ" అని పిలిచింది. వదినా గువ్వా ఇద్దరూ ఒకేసారి కొసలు వదిలేశారు. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి వెళ్ళి తడినేల మీద పడింది. వాళ్ళ వెనక నేనూ పరిగెత్తాను. అమ్మకి కళ్ళజోడు కనపడలేదట, అందుకు పిలిచింది. తన నెత్తి మీదే ఉంది. గువ్వ తీసి ఆవిడ చేతికిచ్చింది. తరవాత తల్లీ కూతుళ్ళు వెనక్కి వెళ్ళి ఆ దుప్పటిని మళ్ళీ ఉతికారు.